గొట్టం మీద తట్టిన బ్రూనో

మా వీధిలో గోడ పగలడం వార్త కాదు. నూరేళ్ల పైబడి మా ఊరి కింద బొగ్గు తవ్వారు, నూరేళ్ల పైబడి మా ఇళ్లు కుంగుతూనే ఉన్నాయి. బీరువా కాలి కింద, ఒరగకుండా, బీరు గ్లాసు కింద వేసే అట్ట పెట్టని ఇల్లు జర్మనీలోని ఈ రూర్ ప్రాంతంలో ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, వాళ్లకి ఒక సీసా ఊరికే ఇస్తాను. మా అమ్మ బల్ల మీద పెట్టిన బంగాళాదుంప తలుపు వైపు దొర్లితే, "ఈ ఏడు తూర్పుకి ఒరిగాం" అని, వాన పడిందన్నంత మామూలుగా చెప్పి దాన్ని మళ్లీ గిన్నెలో వేసేది. వసంతం రాగానే ప్రతి ఇంట్లోనూ పగుళ్లలో సిమెంటు కూరి, పైన కొత్త గోడ కాగితం అంటించి చేతులు దులుపుకునేవాళ్లు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, బ్రూనో సొబొట్కా చేసిన పొరపాటు ఇలాంటి ఊళ్లో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చేయరు. వాడు తెలివితక్కువవాడని మాత్రం అనుకోకండి.

నా పేరు లేనె. వీధి మలుపులో బీరు, సిగరెట్లు, పేపర్లు, పిల్లలకి పుల్లటి బిళ్లలు అమ్మే చిన్న దుకాణం నాది. కిటికీలోంచి తల బయటికి పెట్టి కూర్చుంటే ఎవరింట్లో ఏం వేగుతోందో, ఎవరి మొగుడు ఎవరి మీద అలిగాడో అన్నీ తెలిసిపోతాయి. నా నోరు మంచిది కాదంటారు. అయినా సాయంత్రమయ్యేసరికి అందరూ వచ్చి నా కిటికీకే వేలాడతారు.

బ్రూనో, నేనూ ఒకే బడిలో చదివాం. అందుకే వాణ్ణి వాడనే అంటాను, ఇప్పుడు కొత్తగా 'గారు' తగిలించడం నావల్ల కాదు. బడి వదలగానే వాళ్ల నాన్న వెంట గనిలోకి దిగాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పాత గాయాల్లో బొగ్గుపొడి ఉండిపోయి చేతుల మీద నీలం గీతలు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నా పావురాలకి నచ్చిన పిల్ల దొరకలేదు" అని నవ్వేవాడు. మా వాళ్లకి పందెం పావురాలంటే ప్రాణం. రోజంతా చీకట్లో పాకిన మనిషికి ఆకాశంలోకి చూడటానికి ఒక సాకు కావాలి కదా. బ్రూనో గూడు వాడుండే ఇంటి అటక మీద ఉండేది. వాడు పై అంతస్తులో, వాడి కింది అంతస్తులో ఒమా.

ఒమా అంటే అమ్మమ్మ. ఆమె పేరు ఎమ్మి పావ్లిట్స్కి, కానీ పిల్లా జెల్లా లేని ఆమెని వీధంతా ఒమా అనే పిలుస్తుంది. ఆమె భర్త యూప్ గనిలో బ్రూనోకి పని నేర్పినవాడు. బ్రూనోకి మీసాలు సరిగ్గా రాని రోజుల్లో ఆ గనిలో మంటలు లేచాయి. ఒక భాగంలో మనుషులు చిక్కుకుపోయారు. యూప్ వాళ్లలో ఉన్నాడు.

గనిలో చిక్కుకున్నవాడికి మిగిలే దిక్కు గాలి గొట్టం ఒక్కటే. రాయితోనో సుత్తితోనో దాని మీద తడతాడు. బరువుగా, ఒకే తీరున, మధ్యమధ్య ఊపిరి తీసుకున్నంత ఆగుతూ. బతికే ఉన్నాను, రండి అని దాని అర్థం. కాపాడటానికి దిగినవాళ్లలో బ్రూనో ఉన్నాడు. గొట్టానికి చెవి ఆనించి ఆ తట్టు విన్నాడు. విషవాయువు వస్తోంది, మంట మిగతా గనికి పాకుతుంది, గోడ కట్టి మూసేయమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. మూసేశారు. గోడ కట్టాక కూడా కొంతసేపు తట్టు వినిపించిందట, తర్వాత ఆగిపోయిందట.

ఆ రోజులన్నీ ఒమా గని గేటు దగ్గర నిలబడింది. చేతిలో కాఫీ డబ్బా, కాగితంలో చుట్టిన రొట్టె. బయటికి వచ్చినవాడికి ఆకలేస్తుంది కదా. రొట్టె ఎండిపోతే ఇంటికి తీసుకెళ్లి, కొత్తది కోసి వెన్న రాసి, మళ్లీ వచ్చి నిలబడేది. గోడ కట్టేశారని చెప్పాక కూడా మర్నాడు తెచ్చింది. అది చూసిన ఆడవాళ్లం ఎవరం మర్చిపోలేదు. తర్వాత బ్రూనోని వంటింట్లోకి పిలిచి, "వాళ్లెలా తట్టారో నాకోసారి తట్టి చూపించరా" అని అడిగిందట. వాడు బల్ల మీద వేళ్ల కణుపులతో తట్టాడు. ఆమె కళ్లు మూసుకుని విని, "చాలు" అంది. అప్పట్నుంచి వాడు ఆ ఇంటికి కొడుకే. బొగ్గు మోసేది వాడే, పొయ్యిలో బూడిద ఎత్తేది వాడే, వసంతంలో గోడ కాగితం అంటించేదీ వాడే.

ఆ తట్టు మా దగ్గర ఆటకి కూడా ఎవరూ తట్టరు. చిన్నప్పుడు నేనొకసారి నీళ్ల గొట్టం మీద చెంచాతో అలాగే కొట్టాను. ఎన్నడూ నా మీద చెయ్యెత్తని మా నాన్న చెంప పగలగొట్టాడు. ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని ఆయనే ఏడ్చాడు. మళ్లీ నేను ఏ గొట్టం మీదా వేలు కూడా ఆనించలేదు.

గనులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. ఆ తర్వాత నగరం వాళ్లకి ట్రామ్‌ని భూమి కిందికి దింపాలని బుద్ధి పుట్టింది. స్టేషన్ నుంచి ఉత్తరపు పేట దాకా, ఊరి నడిమధ్య కిందుగా. పని లేక నా కిటికీ దగ్గర బీరు సీసాతో కునుకు తీస్తున్న మగాళ్లందరికీ మళ్లీ హెల్మెట్లు వచ్చాయి. బ్రూనోని మేస్త్రీని చేశారు. సొరంగం నోటి దగ్గర గాజుపెట్టెలో బార్బరా అమ్మవారి బొమ్మ పెట్టారు, గనివాళ్లని కాచే తల్లి ఆమె. మేయరుగారి భార్య వచ్చి సీసా పగలగొట్టి సొరంగానికి పేరు పెట్టింది. ఆ ఒక్కరోజు తప్ప ఆడది అందులో అడుగు పెడితే పైకప్పు కూలుతుందట. "కాపాడమని మొక్కేది ఆడదానికి, లోపలికి రాకూడనిదీ ఆడదే. మీ బుర్రల్లో ఉన్నది బొగ్గేరా" అన్నాను. బ్రూనో ఇంకో సీసా కొని నా నోరు మూయించాడు.

ఆ పని వాడికి నచ్చిందని మాత్రం చెప్పలేను. "గనిలో కర్ర ఊతాలుంటాయే లేనె" అనేవాడు. "బరువు పడితే ముందే కిర్రుమంటాయి. ఆ మూలుగు వినగానే పరిగెత్తాలి. ఇక్కడ తవ్వినచోటల్లా సిమెంటు చిమ్ముతారు. అది మూగది. ఏమీ చెప్పదు."

"నీకు మాట్లాడేది కావాలంటే నేనున్నాగా" అన్నాను.

"నువ్వు ఊతానికి పనికిరావు. ఎప్పుడూ కిర్రుమంటూనే ఉంటావు."

సొరంగం మా వీధి కిందికి వచ్చే ముందు ఇంజనీరు థీలే వచ్చాడు. ఉత్తరాది కుర్రాడు, బూట్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి, మాట మెత్తన. ప్రతి ఇంట్లోకీ వెళ్లి, పగులు ఉన్నచోటల్లా దానికి అడ్డంగా తెల్లటి జిప్సం పట్టీ ఒకటి వేసి, ఆరనిచ్చి తేదీ రాశాడు. "మీ పగుళ్లు పాతవేనని నాకూ తెలుసు" అని అందరికీ ఓపిగ్గా చెప్పాడు. "అవి కదులుతున్నాయా లేదా అన్నదే నాకు కావాలి. గోడ కదిలితే ఈ పట్టీ పుటుక్కున విరుగుతుంది. సన్నటి గీత పడినా సరే, నాకు చెప్పండి."

వీధంతా పగలబడి నవ్వింది. గోడలకి కట్లు కట్టే డాక్టరొచ్చాడని పాట కట్టారు. కింది ఇంట్లో ఉండే సెలాల్ ఒక్కడే నవ్వలేదు. సెలాల్ తుర్కీ నుంచి వచ్చినవాడు, అక్కడా బొగ్గు గనిలో పనిచేసినవాడే. ఇప్పుడు బ్రూనో కిందే సొరంగంలో పని. పెళ్లాం బిడ్డలతో బ్రూనో ఉన్న ఇంట్లోనే నేలమట్టున కాపురం. ఒక సాయంత్రం నా దుకాణం ముందు అందరూ ఉండగా అడిగాడు.

"అన్నా, మా ఆవిడ భయపడుతోంది. పిల్లల్ని తీసుకుని మా బావ ఇంటికి వెళ్లిపోదామంటోంది. ఏం చెప్పను?"

బ్రూనో సెలాల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే సెలాల్, గనివాళ్లు ఈ ఊరి కింద ఊరంత గొయ్యి తవ్వినా ఈ ఇళ్లు నిలబడ్డాయి. మనం తవ్వేది ఎలుక కన్నం. నేనెక్కడ పడుకుంటున్నాను? దాని మీదే. నా పావురాలెక్కడ ఉన్నాయి? దాని మీదే. నా పావురాల్ని ప్రమాదంలో పెట్టేవాడిలా కనిపిస్తున్నానా?"

అందరూ నవ్వారు. సెలాల్ కూడా ఈసారి నవ్వాడు. ఆ మాట వీధి చివరిదాకా పాకింది. ఎవరైనా బెంగపడితే "బ్రూనో పావురాలు ఎక్కడున్నాయి?" అని అడిగేవాళ్లు, అంతటితో బెంగ తీరిపోయేది. కంపెనీవాళ్లు ఎన్ని కాగితాలు పంచినా రాని నమ్మకం వాడి ఒక్క మాటతో వచ్చింది.

వసంతం వచ్చింది. ఒమా పసుపు పూల కాగితం కొనుక్కొచ్చింది. వంటింటి గోడ మీద థీలే వేసిన పట్టీ ఉంది. "ఈ పక్షి రెట్ట మీద కాగితం ఎలా అంటుతుందిరా?" అని గొణిగింది. బ్రూనో నిచ్చెన ఎక్కి చూశాడు. పట్టీ మీద జుట్టంత సన్నంగా ఒక గీత. "పిండి సరిగ్గా కలపలేదు కుర్రాడు" అని ఉలితో గీకి పారేశాడు. పగులులో సిమెంటు కూరి, పైన పసుపు పూలు అంటించాడు. గీతా కనపడలేదు, పగులూ కనపడలేదు. థీలే చూడటానికి వచ్చినప్పుడు ఒమా కాఫీ ఇచ్చి, "అంతా బాగుంది బాబూ, మా బ్రూనో చూశాడు" అంది. ఆయన బ్రూనోని అడిగాడు. "పైన నేనే కదా ఉంటున్నది, నాకు తెలీదా" అన్నాడు బ్రూనో. మేస్త్రీ మాట కాదనలేక ఆయన వెళ్లిపోయాడు.

ఆ పూల వెనక ఏం జరుగుతోందో తర్వాత బయటపడింది. మా వీధి కింద నీళ్లు పారే ఇసుక పొర ఒకటుంది. సొరంగం గోడలో ఎక్కడో చిన్న సందు దొరికి నీళ్లు కారాయి, నీళ్లతోపాటు ఇసుక. పంపులు ఆ నీళ్లని తోడి పోస్తూ ఉన్నాయి, ఇసుక వెళ్లిపోతూ ఉంది. ఒమా వంటింటి కింద నేల ఉన్నట్టే ఉండి బోలు అయిపోతూ ఉంది. కర్ర ఊతాలుంటే కిర్రుమనేవేమో. మాట్లాడగలిగింది ఆ జిప్సం పట్టీ ఒక్కటే, దాన్ని బ్రూనో నమ్మలేదు.

ఆదివారం వచ్చింది. సొరంగంలో పని లేదు, పంపుల దగ్గర కాపలావాళ్లు తప్ప. పావురాల పందెం రోజు. ఎక్కడో దక్షిణాన పొద్దున్నే వదిలిన పక్షులు మధ్యాహ్నానికి ఇల్లు చేరతాయి. అప్పుడు మా వీధిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు, నేను రేడియో కట్టేస్తాను, పిల్లల్ని పెరళ్లలోకి తోలేస్తారు. పందెంగాళ్లు కొందరు మెడలు వెనక్కి విరిచి రోడ్డు మీద నిలబడ్డారు. ఇళ్లలోంచి మాంసం వేగుతున్న వాసన, ఎర్ర క్యాబేజీ ఉడుకుతున్న వాసన.

బ్రూనో ఆడ పావురం సోఫీ అందరికంటే ముందొచ్చింది. రెక్కలు ముడిచి రాయిలా దిగి అటక చెక్క మీద వాలింది. కింద ఉన్నవాళ్లు "అబ్బ" అని ఊపిరి వదిలారు. కానీ వాలితే చాలదు. పక్షి గూట్లోకి దూరాలి, కాలికున్న రబ్బరు రింగు తీసి పందెం గడియారంలో వేస్తేనే లెక్క. గూటికి లోపలికి తెరుచుకునే చిన్న తడిక ఉంటుంది, తలతో తోస్తే చాలు. సోఫీ తోసింది. తడిక కదల్లేదు. మళ్లీ తోసింది. కాసేపటికి ఇంకో పావురం వచ్చి పక్కన వాలింది, అదీ తోసింది.

"బ్రూనో, తాళం వేసి చెవి మింగేశావా?" అని కిందనుంచి ఎవరో వేళాకోళమాడారు.

లోపల బ్రూనో బూతులు వినిపించాయి. తర్వాత ఆగిపోయాయి. అటక కిటికీలోంచి వాడి తల బయటికి వచ్చింది. పావురాల వంక చూడలేదు. కప్పు అంచు పొడవునా, ఈ చివరి నుంచి ఆ చివరికి చూశాడు. తడికని పొద్దున వాడే తెరిచి మూశాడు, వేలితో తాకితే ఊగింది. ఇప్పుడు దాని చట్రమే పక్కకి ఒరిగి, తడికని గట్టిగా కరిచిపట్టుకుంది. గనుల వల్ల మా ఇళ్లు ఏడాదికి ఇంత అని ఒరుగుతాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి ఒరగవు.

మెట్లు దిగి ఒమా వంటింట్లోకి వెళ్లాడు. ఆమె పొయ్యి దగ్గర ఉంది. పసుపు పూల కాగితం ఏటవాలుగా ముడతలు పడి ఉంది. గోరుతో పట్టి చింపాడు. కూరిన సిమెంటు ముక్కలై రాలింది. పగులులోకి వాడి చెయ్యి మణికట్టుదాకా దూరింది, లోపల్నుంచి చల్లగాలి తగిలింది.

"ఒమా, పొయ్యి ఆపండి. బయటికి పదండి."

"కాగితం ఎందుకు చింపావురా?"

"ఇల్లు పడిపోతుంది. పదండి."

ఆమె గరిటెతో వాడి చేతి మీద ఒకటి వేసింది. "మొన్నేగా ఏమీ కాదన్నావు. పందెం పోయిందని నా మీద చూపిస్తున్నావా కోపం? పో, బంగాళాదుంప ఉండలు ఉడికాక పిలుస్తాను."

ఆమెని ఎత్తుకుని దిగిపోదామనుకున్నాడట. కానీ ఆ ఇంట్లో సెలాల్ పిల్లలున్నారు, అటూ ఇటూ గోడకి గోడ ఆనుకుని ఇంకా ఇళ్లున్నాయి. వాడు నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"లేనె, ఫైరింజనుకి ఫోన్ చెయ్. థీలేకి కూడా. ఇల్లు పోతోంది."

నాకు నవ్వొచ్చింది, ఏం చేయను. "నీ పావురాలు ఎక్కడున్నాయిరా?" అన్నాను.

"నేను చెప్పింది తప్పే" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడి నోట ఆ మాట వినలేదు. ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. చేశాను. వస్తున్నామన్నారు, కానీ ఊరికి అవతలి వైపు నుంచి రావాలి.

వాడు తలుపు తలుపుకీ పరిగెత్తాడు. నా కిటికీలోంచి అంతా కనిపిస్తోంది, అంతా వినిపిస్తోంది. మెడకి గుడ్డ కట్టుకుని ఒకాయన గుమ్మంలోకి వచ్చి, "బ్రూనో, తిననిస్తావా లేదా?" అన్నాడు. ఒకావిడ, "నా గోడకి పగులు లేని రోజేదో చెప్పు, ఆ రోజు పరిగెత్తుతాను" అని తలుపేసుకుంది. పందెంగాళ్లకైతే ఒళ్లు మండిపోయింది, ఈ అరుపులకి తమ పక్షులు దిగట్లేదని. సెలాల్ గుమ్మంలో నిలబడి వాడి వంక అనుమానంగా చూశాడు.

"అన్నా, తాగావా?"

"చుక్క తాగలేదు. పిల్లల్ని తీసుకురా."

"ఇప్పుడే అన్నానికి కూర్చున్నారు. తినగానే తీసుకొస్తాలే."

అప్పుడే కప్పు మీదనుంచి పెంకు ఒకటి జారి రోడ్డు మీద పడి పగిలింది. ఎవరో చూసి "పాత పెంకు" అన్నారు. బ్రూనో రోడ్డు మధ్య నిలబడి చుట్టూ చూశాడు. నెలల తరబడి వీధికి నవ్వడం నేర్పినవాడు వాడే. ఆ నవ్వుని ఇప్పుడు వెనక్కి తీసుకోలేకపోతున్నాడు. ఆ క్షణాన వాణ్ణి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

నా దుకాణం పక్కన ఇనుప నీళ్ల కుళాయి ఒకటుంది. దాని గొట్టం వీధి పొడవునా పాకి ప్రతి ఇంట్లోకీ వెళుతుంది. వాడు నా బొగ్గు బక్కెట్టులోంచి సుత్తి తీసుకుని దాని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమైంది.

"బ్రూనో, అది వద్దురా. అది చేస్తే నిన్నెవరూ క్షమించరు."

వాడు నా వంక చూశాడు. తర్వాత కొట్టాడు. బరువుగా, ఒకే తీరున, ఊపిరి తీసుకున్నంత ఆగుతూ.

వీధి ఒక్క క్షణం బిగుసుకుపోయింది. పందెంగాళ్లు ఆకాశం వదిలేశారు. తర్వాత తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. తమ ప్రాణానికి ముప్పు అంటే కుర్చీలోంచి లేవని మనుషులు, ఎవరో చిక్కుకున్నాడనగానే పరిగెత్తుకొచ్చారు. మెడలో గుడ్డలతోనే వచ్చారు, గునపాలతో, తాళ్లతో, ఒకాయన ఒంటి కాలికే బూటు వేసుకుని. ఆయాసంతో పది అడుగులు వేయలేని ముసలివాళ్లు గోడ పట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు దుప్పట్లు తెచ్చారు, ఎందుకని ఎవరూ అడగలేదు. సెలాల్ పార పట్టుకుని వచ్చాడు, వెనకాల అతని భార్య పిల్లల్ని చంకనేసుకుని వచ్చింది. అతని దేశంలోనూ ఆ తట్టుకి అర్థం అదే.

"ఎక్కడ? ఎవరు?"

బ్రూనో కొడుతూనే ఒక్కొక్క మొహాన్నీ వెతుకుతున్నాడు. అందరూ మలుపు దగ్గరికి చేరారు. ఒమా లేదు.

పై కిటికీలో ఆమె తల కనిపిస్తోంది. బల్లకీ అలమారకీ మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. "ఒమా" అని గొంతు చించుకుని అరిచాను. చూడలేదు. ఆ ఇంటి కిటికీ అద్దం ఒకటి టప్పున చిట్లింది. ఇంకొకటి.

బ్రూనో లేవబోయి ఆగాడు. వాడి బాధేంటో నాకు తెలుసు. తట్టు ఆగితే లోపలివాడు పోయినట్టేనని ఆమెకి తెలుసు. ఆగితే ఆమె కుర్చీలో కూలబడుతుంది, ఇక కదలదు. సుత్తిని సెలాల్ చేతిలో పెట్టాడు.

"ఆపకు. ఏం జరిగినా ఆపకు."

వాడు పరిగెత్తాడు. సెలాల్ కొట్టాడు, అదే తీరున, ఒక్క దెబ్బ తేడా లేకుండా. వీధి తలుపు ఒరిగి బిగిసిపోయింది. బ్రూనో భుజంతో గుద్దాడు, రెండోసారి గుద్దాడు, తలుపుతో సహా లోపల పడ్డాడు. ఆ తర్వాత ఏమీ కనిపించలేదు. సుత్తి చప్పుడు ఒక్కటే. ఇంటి ముందు కాలిబాట రాళ్లు ఒకదాన్నొకటి వదిలి కిందికి దిగడం నా కళ్లతో చూశాను. నాకు మొక్కడం అలవాటు లేదు. అయినా గాజుపెట్టెలో ఉన్న ఆ తల్లికి మొక్కాను, ఆడదాన్నని చూడకు తల్లీ అని.

ముందు ఒమా గొంతు వినిపించింది.

"దించరా నన్ను. కాఫీ ఒలుకుతోంది."

వాడు ఆమెని పసిపిల్లలా ఎత్తుకుని వస్తున్నాడు. ఆమె ఒక చేత్తో కాఫీ డబ్బా పైకెత్తి పట్టుకుంది, రెండో చేత్తో కాగితపు పొట్లం గుండెకి అదుముకుంది. తలకి రుమాలు కూడా కట్టుకుంది, గని గేటు దగ్గరికి వెళ్లేటప్పుడు కట్టుకున్నట్టే. వాడు మలుపు దాకా వచ్చి ఆమెని దించాడు.

ఇల్లు పెద్ద చప్పుడేం చేయలేదు. అలిసిపోయిన మనిషి నేల మీద చతికిలబడినట్టు కూర్చుంది. ముందు అటక దిగింది, తర్వాత వాడి అంతస్తు, తర్వాత పసుపు పూల గోడ. దుమ్ము లేచి మమ్మల్నందర్నీ కప్పేసింది. పక్కిళ్లు మూలిగాయి కానీ నిలబడ్డాయి. గూట్లో పందేనికి పంపని పిల్ల పావురాలుండేవి. పందెం నుంచి వచ్చినవి మాత్రం దుమ్ము పైన గిరగిరా తిరుగుతూ ఉన్నాయి, వాలడానికి చెక్క కోసం. సోఫీ చివరికి నా దుకాణం కప్పు మీద దిగింది.

సెలాల్ అప్పటికీ కొడుతూనే ఉన్నాడు. బ్రూనో వెళ్లి అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఒంటి కాలి బూటు పెద్దాయన గునపం పట్టుకుని ముందుకొచ్చాడు. "లోపల ఎవరున్నారు? చెప్పు, తవ్వుదాం."

"ఎవరూ లేరు" అన్నాడు బ్రూనో.

"తట్టిందెవరు?"

"నేనే. ఇంకెలా పిలిచినా మీరు రాలేదు."

ఆ పెద్దాయన తమ్ముడు కూడా యూప్‌తోపాటు ఆ గోడ వెనకే ఉండిపోయాడు. ఎదురుగా దుమ్ము ఇంకా లేస్తోంది, తన ప్రాణం తనకి దక్కింది. అయినా ఆయన బ్రూనో మొహంలోకి చూసి, పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. బ్రూనో తల వంచుకుని నిలబడ్డాడు.

ఒమా ఇంకా అర్థం కానట్టు ఇంటివైపు, మావైపు చూస్తోంది.

"ఎవరూ లేరంటే? మరి ఇదెవరికి?" అని పొట్లం ముందుకి చాపింది. "తట్టు వినగానే కోశాను. కాఫీ కాగేసరికి ఆలస్యమైంది. ఎవరింటి పిల్లాడురా?"

బ్రూనో మోకాళ్ల మీద కూలబడి ఆమె చేతులు పట్టుకున్నాడు. "మీరే ఒమా. చిక్కుకున్నది మీరే. మీ గోడ మీద పట్టీని గీకింది నేను."

ఆమె వాడి తల మీద దుమ్ము దులిపింది. అంతకుముందు వాణ్ణి కొట్టిన చేత్తోనే, పొట్లం విప్పి, రొట్టె వాడి చేతిలో పెట్టింది. కాఫీ డబ్బా మూత తీసింది.

"తిను" అంది. "ఇది మళ్లీ ఇంటికి పట్టుకెళ్లలేను."

వాడు రోడ్డు మధ్య మోకాళ్ల మీదే కూర్చుని, ఏడుస్తూ, ముక్క మిగల్చకుండా తిన్నాడు. పెద్దాయన గునపం కింద పెట్టి టోపీ తీశాడు. ఆమె వాడు చివరి ముద్ద మింగేదాకా పక్కనే నిలబడి, ఖాళీ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.